ప్రొపెల్లర్ సముద్రం బిడ్డా, కాలువ బిడ్డా?

ఇంజన్‌గది: ప్రొపెల్లర్, అంటే ఓడ వెనక నీళ్లలో తిరిగి దాన్ని తోసే రెక్కల చక్రం, సముద్రపు ఓడల కోసం పుట్టిందని, కాలువలు, నదులు, సరస్సుల్లాంటి అంతర్గత జలమార్గాల్లోకి ఆలస్యంగా దిగిందని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. తలకిందుల మాట. 1836లో పేటెంటు తీసుకున్న ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ పడవను పరీక్షించింది లండన్‌లోని పాడింగ్టన్ కాలువలోనే. అక్కడే ఆ పడవ చెక్క స్క్రూ (అప్పటి ప్రొపెల్లర్) సగం విరిగిపోతే పడవ ఇంకా వేగం అందుకుంది! 1841 నాటి వాండాలియా అనే ఓడ ప్రొపెల్లర్‌తో అమెరికా గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల్లో సరుకు మోసింది. ఎందుకంటే ఆ సరస్సులను కలిపే వెలాండ్ కాలువ లాకులు (ఓడను ఎత్తి దించే తలుపుల గదులు) ఇరుకు. నీళ్లు తోసే చక్రాలు పక్కన ఉన్న ఓడ అందులో పట్టాలంటే ఒళ్లు సన్నం చేసుకోవాలి. చక్రాలు తీసేస్తే ఆ వెడల్పంతా సరుకుకే. అక్కడి జనం ఆ ఓడలనే 'ప్రొపెల్లర్లు' అనేవారు.

గట్టుమీద: సరస్సు అంతర్గత జలమార్గం ఎలా అవుతుందండీ? వాటిలో ఒకటైన సుపీరియర్ సరస్సు లోతు 400 మీటర్లు దాటుతుంది. 1975లో ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ అనే సరుకు ఓడ 29 మందితో మునిగింది అక్కడే. ఉప్పు లేదన్నమాటే గానీ అది సముద్రమే. నదుల సంగతి చెప్పండి. మిసిసిపీలో, రైన్‌లో చక్రాల ఓడలు ఇరవయ్యో శతాబ్దంలోనూ నడిచాయి. గట్టిగా తోయాలంటే ప్రొపెల్లర్ పెద్దది కావాలి, పెద్దదైతే నదిలో నీళ్లు చాలవు.

పాతచుక్కాని: ఉప్పు లేని సముద్రం! బాగుంది.

ఇంజన్‌గది: ఆ ఫిట్జెరాల్డ్ పొడవు 222 మీటర్లు. ఆ కొలత ఇచ్చింది సరస్సు కాదు, ఆ ఓడ కట్టేనాటికి ఇంకా కడుతున్న సెయింట్ లారెన్స్ లాకులు, అంటే సముద్రం నుంచి ఆ సరస్సులకు దారి ఇచ్చే నదిమీది లాకులు. ఇక నదులకు జవాబు ఎప్పుడో దొరికింది. ఆల్ఫ్రెడ్ యారో అనే బ్రిటిష్ ఓడల నిర్మాత తన పడవల వెనక అడుగును సొరంగంలా పైకి మలిచి ప్రొపెల్లర్‌ను అందులో దాచాడు. తిరిగేటప్పుడు నీరు సొరంగంలోకి ఎక్కుతుంది, రెక్కలు అడుగు కిందికి దిగనక్కరలేదు. 1903లో వోల్గా మీద నోబెల్ సోదరుల చమురు ఓడ వాండల్ ఒక్క పెద్దదానికి బదులు మూడు ప్రొపెల్లర్లు పెట్టుకుంది. మూడు డీజిల్ ఇంజన్లు కరెంటు పుట్టిస్తే మోటార్లు ఆ ప్రొపెల్లర్లను తిప్పాయి.

కొత్తసభ్యుడు: వాండాలియా, వాండల్ ఒకటేనా?

ఇంజన్‌గది: కాదు. అది ఆవిరి, ఇది డీజిల్.

గట్టుమీద: సరస్సు ప్రశ్నకు జవాబు రాలేదు.

లస్కర్: అబ్బా, ఆ సరస్సు వదలండి బాబూ.

ఇంజన్‌గది: పదకొండేళ్లు నది బార్జీలో ఇంజన్ చూసినవాణ్ని. ఇసుక మేట ఎక్కి రెక్క వంగితే నా జీతంలో కోశారు. అక్కడ మేట పడిందని చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. గట్టు మీద కూర్చుని మాట్లాడటం తేలిక.

గట్టుమీద: ఆ గట్టే నా ఉద్యోగమయ్యా! ఓడ వెళ్లిన ప్రతిసారీ ప్రొపెల్లర్ తన్నిన నీళ్లు అడుగు మట్టిని లేపి గట్టు పాదాన్ని కోస్తాయి. రాళ్లు పరిచేది మేము, కూలితే సంజాయిషీ రాసేదీ నేనే. మీ చరిత్రలో గట్టు ఎక్కడుంది? జర్మనీలో లుడ్విగ్ కోర్ట్ ప్రొపెల్లర్‌కు నాజిల్ (చుట్టూ ఉండే గొట్టంలాంటి తొడుగు) తొడిగింది ఈ కోత ఆపడానికే. దానివల్ల నెమ్మదిగా బరువు తోసే పడవకు తోపు పెరుగుతుందని తర్వాత తేలింది. అప్పటినుంచి అందరూ దాన్ని ఇంజన్ల ఘనతగానే చెప్పుకుంటున్నారు.

ఇంజన్‌గది: నేనన్నదీ అదేగా! ప్రొపెల్లర్‌ను మార్చింది కాలువే.

గట్టుమీద: కొంతకాలం. తర్వాత ఓడ కోసం కాలువనే మార్చారు. 1959లో తెరిచిన సెయింట్ లారెన్స్ సీవే (ఆ లాకులున్న ఓడల దారి) కోసం నది అడుగు తవ్వారు, ఊళ్లు ముంచారు. ప్రొపెల్లర్ ఎక్కడ పుట్టిందన్నది నాకు పెద్ద విషయం కాదు. దానికి కావలసిన లోతు ఎవరి సొమ్ముతో, ఎవరి గట్టు తీసి ఇస్తున్నారన్నదే నా బాధ.

ఇంజన్‌గది: ఈ మాట మొదటే అని ఉంటే ఇంత రాసేవాణ్ని కాదు. కానీ లోతు ఇవ్వకుండా సరుకు మాత్రం తీసుకెళ్లమంటే, వంగే రెక్క ఎవరి ఖాతాలో రాస్తారు? దానికి మీ దగ్గరా జవాబు లేదు. సరస్సు మాత్రం జలమార్గమే.

గట్టుమీద: లాకు ఉన్నంత మేర ఒప్పుకుంటాను. తలుపు దాటాక సముద్రమే.