అమ్మవారి అలంకారానికి చౌక గాజులు: బేరమాడి కొనొచ్చా?

పటమట కోడలు:
కార్తీక శుద్ధ విదియ నాడు ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి గాజుల అలంకారం. మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లం తలా కాస్త డబ్బు వేసుకుని వన్‌టౌన్‌లో మట్టిగాజులు కొందామనుకున్నాం. డజను ఎంత తక్కువకొస్తే అంత ఎక్కువ ఇవ్వొచ్చని గ్రూపులో ఒకటే బేరాలు. నాకు మింగుడుపడటం లేదు.

ఈ గాజులు ఎక్కువగా ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ నుంచి వస్తాయి. కొలిమిలో కరిగిన గాజును తిరిగే కడ్డీకి స్ప్రింగులా చుట్టి, నిలువునా కోస్తారు. నోరు తెరిచిన ఆ చుట్లను కట్టలు కట్టి ఇళ్లకు పంచుతారు. ఆడవాళ్లు, వాళ్ల పక్కనే పిల్లలు, మంట ముందు కూర్చుని ఒక్కొక్కదాని కొసలు అతికిస్తారు. మంట చెదురుతుందని ఫ్యాను వేసుకోరు. కూలీ కట్టల లెక్కన. మీ చేతి గాజు మీద గోరు తిప్పి చూడండి, ఒకచోట అతుకు తగులుతుంది. డజనుకు పన్నెండు అతుకులు. ఆ అతుకుల మీదా మనం బేరమాడేది?

సత్యనారాయణపురం వాసి:
అమ్మవారికి భక్తితో ఇచ్చేదాంట్లో ఈ లెక్కలెందుకండీ? అలా చూస్తే ఏదీ కొనలేం.

వన్‌టౌన్ గాజుల కొట్టు:
మూడు తరాలుగా మాది ఇదే వ్యాపారం. కొనడం మానేస్తే ముందు పస్తులుండేది ఆ అతికించే తల్లేనమ్మా. ఇప్పటికే ప్లాస్టిక్, మెటల్ గాజులొచ్చి, మట్టిగాజులు అడిగేది పెళ్లిళ్లకీ సీమంతాలకే.

బ్రాడీపేట లాయరు, గుంటూరు:
బాల కార్మిక చట్టం 1986లో వచ్చింది. గాజుల తయారీని పిల్లలు చేయకూడని పనుల్లో చేర్చారు. కానీ సొంత కుటుంబంతో నడుపుకునే పనికి ఆ చట్టమే మినహాయింపు ఇచ్చింది. అప్పట్లో పిల్లల్ని కార్ఖానాలో కూర్చోబెడితే నేరం, అదే కట్ట ఇంటికి పంపితే 'ఇంటిపని'. 2016 సవరణలో ప్రమాదకరమైన పనులకు ఆ మినహాయింపు తీసేశారు. అయితే ఇరుకు సందులో ఇంటింటి తలుపూ తట్టి చూసేదెవరు? కార్ఖానా రిజిస్టర్లో ఆ తల్లి పేరే ఉండదు.

పటమట కోడలు:
కొనడం మానేయమనలేదు కొట్టు బాబాయ్ గారూ. బేరం ఆడకుండా కొంటే ఆ నాలుగు రూపాయలు అక్కడికి చేరతాయా?

వన్‌టౌన్ గాజుల కొట్టు:
అబద్ధం చెప్పలేను. చేరవు, నా దగ్గరే ఆగుతాయి. మధ్యలో కాంట్రాక్టరు, హోల్‌సేలరు, దారిలో పగిలిన సరుకు. అతుకు కూలీ ఎప్పుడో అక్కడే తేలిపోయి ఉంటుంది.

సత్యనారాయణపురం వాసి:
ఆ గాజుల్నే తర్వాత ప్రసాదంగా ఇస్తారు. మా అమ్మాయికి పోయినేడు తెచ్చాను. ఇందాక గోరు తిప్పి చూశాను, అతుకు తగిలింది.

పటమట కోడలు:
మా ఇంటి తరఫున ఒక్క డజనే ఇస్తున్నాం, అడిగిన ధరకే. బాబాయ్ గారూ, ఈసారి సరుకు తెప్పించేటప్పుడు కట్టకు అతుకు కూలీ ఎంతిస్తున్నారో, పిల్లలెవరైనా చేశారో అడుగుతారా?

వన్‌టౌన్ గాజుల కొట్టు:
అడుగుతానమ్మా. ఇన్నేళ్లలో రంగు, సైజు, రేటు తప్ప ఇంకోటి అడగలేదు.