3.5 గిగాహెర్ట్జ్ సెరామిక్ వేవ్‌గైడ్ ఫిల్టర్‌లో నెగెటివ్ కప్లింగ్ ఎలా తేవాలి?

వేవ్‌గైడ్_విద్యార్థి:
అందరికీ నమస్కారం. ఎంటెక్ ప్రాజెక్టు కోసం 5జీ బేస్ స్టేషన్ యాంటెన్నాకి ఫిల్టర్ డిజైన్ చేస్తున్నాను. 3.4 నుంచి 3.6 గిగాహెర్ట్జ్, ఆరు రెజొనేటర్లు (ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర మోగే కావిటీలు, ఒక్కోదానికీ ఒక హోల్), రెండు వరసల్లో మూడేసి. పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రాన్ని నిలుపుకునే గుణం) 20 ఉన్న సెరామిక్ దిమ్మ, బయటంతా వెండి పూత. మెయిన్ కప్లింగ్స్ (ఒక రెజొనేటర్ నుంచి పక్కదానికి సిగ్నల్ దాటే లింకులు) సిమ్యులేషన్‌లో బాగానే వచ్చాయి కానీ పాస్‌బ్యాండ్‌కి (ఫిల్టర్ వదిలే ఫ్రీక్వెన్సీలకి) రెండు వైపులా ట్రాన్స్‌మిషన్ జీరోలు (సిగ్నల్ ఆగిపోయే ఫ్రీక్వెన్సీలు) కావాలంటే 2వ, 5వ రెజొనేటర్ల మధ్య నెగెటివ్ కప్లింగ్, అంటే మిగతావాటికి వ్యతిరేక గుర్తు ఉన్నది, ఉండాలి కదా. గాలి కావిటీ అయితే ప్రోబ్ (చిన్న లోహపు కడ్డీ) పెట్టేస్తాం, ఈ గట్టి దిమ్మలో ఏం చెయ్యాలి? ఇంకోటి, లాస్ (ఫిల్టర్‌లో పోయే సిగ్నల్) తగ్గాలంటే ఇంకా మంచి సెరామిక్ కొనాలా?

బేస్‌స్టేషన్_పాతకాపు:
ఆ రెండు రెజొనేటర్ల మధ్య ఇంకో బ్లైండ్ హోల్ (అవతలికి తెరుచుకోని గుంత) వెయ్యి తమ్ముడూ, రెజొనేటర్ హోల్స్ కంటే బాగా లోతుగా. ఆ హోల్ సొంత రెజొనెన్స్ పాస్‌బ్యాండ్ కిందికి దిగిపోయిందంటే కప్లింగ్ గుర్తు మారిపోతుంది, ఉత్పత్తిలో ఎక్కువగా వాడే పద్ధతుల్లో ఇదొకటి. కానీ దానివల్ల కింది ఫ్రీక్వెన్సీలో ఒక అనవసరమైన పీక్ లేస్తుంది. అందుకే సిమ్యులేషన్‌లో ఫ్రీక్వెన్సీ స్వీప్ 3 నుంచి మొదలుపెట్టకు, 1 గిగాహెర్ట్జ్ నుంచి చూడు. హోల్ అడుగున మిగిలే సెరామిక్ పొర పల్చగా ఉంటుంది, అది కాస్త అటూ ఇటూ అయినా కప్లింగ్ మారిపోతుంది, ఈ డిజైన్‌లో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే కొలత అదే.

వెండిపూత:
సెరామిక్ మీద డబ్బు పెట్టకండి, లెక్క వేసి చూడండి. మెగ్నీషియం కాల్షియం టైటనేట్ రకానికి క్యూ (ఇది ఎంత ఎక్కువైతే లాస్ అంత తక్కువ), ఫ్రీక్వెన్సీల లబ్ధం 50 వేల గిగాహెర్ట్జ్ పైనే ఉంటుంది, అంటే 3.5 దగ్గర సెరామిక్ ఒక్కదాని క్యూ 14 వేలు దాటుతుంది. అదే 13.5 మిల్లీమీటర్ల చదరం, 6 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న కావిటీకి స్వచ్ఛమైన వెండి గోడలే ఉన్నా క్యూ 3 వేల లోపే. కాల్చిన వెండి పేస్టు, హోల్స్ కలిస్తే 1500 చుట్టుపక్కల వస్తే మంచిదే అనుకోవాలి. 200 మెగాహెర్ట్జ్ వెడల్పుకి ఆ క్యూతో లాస్ 0.4 డీబీ దగ్గర తేలుతుంది. ఇంకా తగ్గాలంటే దిమ్మ ఎత్తు పెంచండి, పూత నునుపుగా, స్కిన్ డెప్త్‌కి (కరెంటు లోహంలోకి దిగే లోతుకి) చాలా రెట్లు మందంగా వచ్చేలా చూడండి. ఇక్కడ స్కిన్ డెప్త్ ఒక మైక్రాన్ పైచిలుకే.

కొలిమి_దగ్గర:
పై ఇద్దరూ చెప్పింది సరే, కానీ కొలిమిలో ఏమవుతుందో కూడా లెక్కలోకి తీసుకోండి. పచ్చి దిమ్మ కాల్చాక పొడవులో 15 నుంచి 20 శాతం దాకా కుంచించుకుపోతుంది. పర్మిటివిటీ 20 బదులు 20.5 వచ్చిందా, ఫ్రీక్వెన్సీ 40 మెగాహెర్ట్జ్ పైగా దిగిపోతుంది! గాలి కావిటీలా స్క్రూ తిప్పి సరిచేసే వీలు లేదు. హోల్ అడుగున వెండి గీకితే ఫ్రీక్వెన్సీ పైకి వెళ్తుంది, వెనక్కి తేవడం కష్టం. కాబట్టి అన్ని రెజొనేటర్లనీ కావాలనే కొంచెం కిందికి డిజైన్ చేసి, గీకుతూ పైకి తెచ్చుకోండి. యాంటెన్నా ప్యానెల్‌లో ఇలాంటివి 64 ఉండొచ్చు, ఒక్కోటీ గంటసేపు గీకే డిజైన్ పేపర్ మీద ఎంత అందంగా ఉన్నా ఫ్యాక్టరీలో నిలవదు.

వేవ్‌గైడ్_విద్యార్థి:
చాలా థ్యాంక్స్ అందరికీ. లోతు హోల్ పెట్టి చూశాను, రెండు జీరోలూ వచ్చాయి, అన్నా మీరు చెప్పిన పీక్ 2 గిగాహెర్ట్జ్ దగ్గర కనిపించింది. 5.4 దగ్గర కూడా ఇంకో పాస్‌బ్యాండ్ లాంటిది ఉంది, అది కూడా ఆ హోల్ వల్లేనా?

బేస్‌స్టేషన్_పాతకాపు:
కాదు, అది కావిటీల తర్వాతి మోడ్, అంటే అవే కావిటీలు మోగే తర్వాతి ఫ్రీక్వెన్సీ. చదరపు కావిటీకి అది మొదటి మోడ్‌కి 1.58 రెట్ల దగ్గర వస్తుంది, హోల్స్ వల్ల కొంచెం జరుగుతుంది. వైఫై అక్కడే ఉంది కాబట్టి వదిలెయ్యకు. కావిటీలన్నీ ఒకే కొలతల్లో కాకుండా రెండు మూడింటి పొడవు వెడల్పులు మార్చు, తర్వాతి మోడ్‌లు ఒకచోట కలవకుండా చెల్లాచెదురవుతాయి. మిగిలినదానికి బోర్డు మీద చిన్న లోపాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలని ఆపేది) వెయ్యి, దాని లాస్‌ని మాత్రం ముందే బడ్జెట్‌లో కలుపుకో.