పక్షవాతం తర్వాత రిహాబ్ కేంద్రంలో నాన్నగారు: ఇంటివాళ్లం ఏం చేయాలి, ఏం చేయకూడదు?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 71 ఏళ్లు. ఐదు వారాల క్రితం మెదడులో ఎడమవైపు రక్తనాళం మూసుకుపోయి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి, ఆ తర్వాత హైదరాబాదులోనే ఒక రిహాబ్ (పునరావాస చికిత్స) కేంద్రంలో చేర్పించాము. పగలంతా అమ్మ దగ్గరుంటోంది, సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా నేను వెళ్తున్నాను. మేం చెప్పేది ఆయనకు చాలావరకు అర్థమవుతోంది గాని, బదులు చెప్పబోతే 'అది, అది' అన్న ఒక్క మాట తప్ప బయటికి రావడం లేదు.

మమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నది భోజనం సంగతి. ఎడమచేత్తో తినడం అలవాటు చేయించమని అక్కడి ఆక్యుపేషనల్ థెరపిస్టు (తినడం, బట్టలు వేసుకోవడం వంటి రోజువారీ పనులు మళ్లీ నేర్పేవారు) చెబుతున్నారు. నాన్నగారు పుట్టి బుద్ధెరిగాక ఎడమచేతిని కంచం దగ్గరికి రానిచ్చిన మనిషి కారు. చెంచా చేతికిస్తే పక్కన పెట్టేసి, గోడవైపు తిరిగి కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. అది చూడలేక అమ్మ అన్నం కలిపి ముద్దలు పెడుతోంది, అలా పెట్టవద్దని థెరపిస్టు గట్టిగా అంటున్నారు. ఈ దశ దాటి వచ్చినవారు ఎలా నెగ్గుకొచ్చారో చెప్పగలరా?

నెల్లూరు కోడలు:
మూడేళ్ల క్రితం మా మామగారి విషయంలో అచ్చంగా ఇదే జరిగిందండీ. మా అత్తయ్య రెండు నెలలపాటు ప్రేమగా ముద్దలు పెట్టారు. ఇంటికి వచ్చాక ఆయన మంచినీళ్ల గ్లాసు కూడా తనంతట తాను ఎత్తడం మానేశారు. అందుకు అత్తయ్యను తప్పుపట్టలేను, నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి అలా కూర్చుని ఉంటే ఎవరి చెయ్యి ఊరుకుంటుంది? కానీ మనం చేసిపెట్టే ప్రతి పనీ ఆయన సాధనలోంచి తీసేసిన పనే అవుతుందని మాకు ఆలస్యంగా అర్థమైంది.

మాకు దారి చూపింది రెండోసారి చేర్పించిన చోట ఉన్న ఒక నర్సు. అన్నంతో మొదలుపెట్టకండి, ఎడమచేత్తో తినకూడదన్న పట్టింపు ఆయనకు అన్నం దగ్గరే బలంగా ఉంది, టిఫినుతో మొదలుపెట్టండి అన్నారు. మెత్తటి ఇడ్లీని చిన్న ముక్కలుగా తుంచి, అంచు ఎత్తుగా ఉన్న పళ్లెంలో పెట్టి, జారకుండా కింద తడిగుడ్డ పరిచాము. చెంచా కాడకు పాత చీరముక్క చుట్టి లావుగా చేశాము. అన్నిటికంటే పనిచేసింది ఏమిటంటే, ఆయన కుడిచేతిని బల్లమీదికి తెచ్చి పళ్లెం అంచుమీద ఆనించి, 'తినేది కుడిచెయ్యే మామయ్యా, ఎడమచెయ్యి దానికి సాయం' అని చెప్పడం. చచ్చుబడిన చేతిని ఇలా పనిలో కలుపుకోవడం ఆ చేతికి కూడా మంచిదేనని థెరపిస్టు తర్వాత చెప్పారు. మొదటి వారం అంతా కలిపి నాలుగు ముక్కలు తిన్నారేమో, మిగతాది మేమే పెట్టాము. ఒక్క రోజులో పూర్తిగా మానెయ్యమని అమ్మగారిని బలవంతపెట్టకండి.

ఖమ్మం ఫిజియో:
నేను ఈ వృత్తిలో ఉన్నాను కనుక ఒక జాగ్రత్త చెప్పాలి. ఎవరు తినిపించినా, ముందు స్పీచ్ థెరపిస్టు చేత మింగే పరీక్ష చేయించారా అన్నది కనుక్కోండి. పక్షవాతం వచ్చినవారికి గట్టి పదార్థాలకంటే నీళ్లు, మజ్జిగ, పలుచటి చారు వంటివే తరచుగా ప్రమాదం, ఎందుకంటే అవి గొంతులో వేగంగా జారి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియాకు దారితీస్తాయి. ఇంటివాళ్లు మాత్రం 'అన్నం దిగడం లేదు, పోనీ కాస్త మజ్జిగైనా పడుతుంది' అనుకుంటారు. తిన్నాక పొరబోవడం, గొంతు తడితడిగా గరగరలాడడం కనిపిస్తే వెంటనే చెప్పండి. ఒక్కొక్కరిలో దగ్గు కూడా రాకపోవచ్చు, పరీక్ష అవసరమన్నది అందుకే. తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్న తర్వాత కనీసం అరగంట పడుకోబెట్టకూడదు.

మంచం మీదనుంచి లేపేటప్పుడు కుడిచెయ్యి పట్టుకుని లాగకండి, కండరాల పట్టు లేని భుజం కీలు తప్పుతుంది. చొక్కా తొడిగేటప్పుడు ముందు బలహీనమైన చెయ్యి, విప్పేటప్పుడు చివరికి ఆ చెయ్యి. ఇవన్నీ అక్కడివారు చేస్తూ ఉంటే పక్కన నిలబడి చూడడం చాలదు. మీ చేతులతో మీరు చేసి, వాళ్ల చేత తప్పులు దిద్దించుకోండి. కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుందే తప్ప ఆగిపోదు. బార్తెల్ స్కోరు అని వందకు లెక్కగట్టే ఒక కొలత ఉంది, తినడం, స్నానం, నడక వంటి పది పనులు అందులో ఉంటాయి. చేరినప్పుడు ఎంత, ఈ వారం ఎంత అని అడగండి. 'బాగానే ఉన్నారు' అన్న మాటకంటే అది మీకు ఎక్కువ చెబుతుంది.

ఫ్రిస్కో నుంచి:
దూరంగా ఉన్న కొడుకుగా రాస్తున్నాను. అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద ఆసుపత్రి స్థాయి రిహాబ్‌లో చేర్చుకోవాలంటే రోజుకు మూడు గంటల చొప్పున వారానికి ఐదు రోజులు థెరపీ ఇవ్వడం సాధారణ ప్రమాణం. గుంటూరులో మా నాన్నగారికి ఎంతసేపు ఇస్తున్నారని అడిగితే ముప్పావుగంట అన్నారు. మిగిలిన సమయాన్ని ఎలా నింపాలో రాసిమ్మని అడిగి, ఆ కాగితం గోడకు అంటించాము, మా అక్కయ్య దాని ప్రకారం చేయించింది.

మాట విషయంలో ఒక సంగతి. సొంతంగా మాట రానివారికి కూడా వరుసగా నోటికి వచ్చినవి కొన్నిసార్లు వస్తాయి: అంకెలు, వారాల పేర్లు, చిన్ననాటి పద్యాలు, భజనలు. నేను వీడియో కాల్‌లో 'ఎలా ఉన్నారు నాన్నా' అని అడగడం మానేసి, 'ఆదివారం, సోమవారం' అని మొదలుపెట్టి ఆగేవాణ్ణి. ప్రశ్నలు అడిగితే అవును, కాదు అని తలతో చెప్పగలిగేవే అడగండి, వాక్యం మీరు పూర్తిచేయకండి, ఎంతసేపైనా ఆగండి. ఫోనులో ఆ నిశ్శబ్దం చాలా పొడవుగా అనిపిస్తుంది, అయినా ఆగండి.

చిత్తూరు చెల్లెలు:
మా అమ్మకు వెన్నుపాము దెబ్బతిన్నప్పుడు రాయవేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి తీసుకెళ్లాము. అక్కడి పునరావాస విభాగాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ తాను ప్రమాదంలో నడుము కింద చలనం కోల్పోయి, చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసిన వైద్యురాలు. అమ్మను తిప్పి పడుకోబెట్టడం, కుర్చీలోకి మార్చడం మా చేత పదేపదే చేయించాకే పంపించారు. డిశ్చార్జికి ముందే ఇల్లు సరిచూసుకోండి: గడపలు, కాలిపట్టాలు, కమోడు ఎత్తు, గోడకు పట్టుకునే కడ్డీ. వైకల్యం మిగిలితే యూడీఐడీ కార్డుకు (వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) దరఖాస్తు చేసుకోవచ్చు.

హనుమకొండ వాసి:
ఆ కన్నీళ్లను ఎడమచేతి పట్టింపు అని మాత్రమే అనుకోవద్దండీ. పక్షవాతం తర్వాత కుంగుబాటు చాలామందికి వస్తుంది, దానికి మందులున్నాయి, డాక్టరుకు చెప్పండి. పరామర్శకు వచ్చేవారిని థెరపీ వేళల్లో రానివ్వకండి. మా ఇంట్లో ఇలాగే అయినప్పుడు వచ్చినవారిలో ఒకరు పావురం రక్తం రాయమన్నారు, ఇంకొకరు బీపీ మాత్రలు ఆపి పసరు మందు తాగించమన్నారు. మా అమ్మ అడ్డుపడకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. మీ అమ్మగారికి వారానికి ఒక రోజైనా విశ్రాంతి ఇవ్వండి. ఆవిడ మనసు విప్పి మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు.

కృష్ణాతీరం:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మింగే పరీక్ష చేయించాము, మజ్జిగ, నీళ్లు చిక్కబరిచే పొడి కలిపే ఇవ్వమన్నారు. నిన్న సాయంత్రం తడిగుడ్డ మీద పళ్లెం పెట్టి, నాన్నగారి కుడిచేతిని అంచుమీద ఆనించాము. రెండు ఇడ్లీముక్కలు తిన్నారు. మూడోది చెంచాలోంచి ఒళ్లో పడింది. అమ్మ చెయ్యి ముందుకు వచ్చి, మధ్యలో ఆగిపోయింది. నాన్నగారు లుంగీ మడతల్లో వెతికి, తీసి, పళ్లెం పక్కన పెట్టి, ఇంకో ముక్క అందుకున్నారు. ఈ ఉదయం నేను 'సోమవారం, మంగళవారం' అని ఆగితే 'బుధ' అన్నారు.

చిత్తూరు చెల్లెలు గారూ, మూడు వారాల్లో పంపిస్తామంటున్నారు. మా స్నానాలగది గడప నాలుగు అంగుళాల ఎత్తు ఉంది. దాన్ని కొట్టించెయ్యడం మంచిదా, రెండువైపులా వాలు కట్టిస్తే సరిపోతుందా? మీరేం చేశారు?