ఆశీలు గుత్తకిచ్చినట్టు జరిమానాలు కూడా గుత్తకివ్వాలా?

బరంపురం బాటసారి
ఒడిశాలోని మన బరంపురంలో సంత ఆశీలు గుత్తకిస్తారు, సైకిల్ స్టాండు గుత్తకిస్తారు. ఎవరూ నోరెత్తరు. మరి కట్టకుండా పేరుకుపోయిన పార్కింగ్ చలాన్లు, రోడ్డు మీద చెత్త పారబోసినందుకు వేసిన జరిమానాలు ఒక ప్రైవేటు ఏజెన్సీకి అప్పగించి, వసూలైన దాంట్లో ఇంత వాటా అని ఇస్తే తప్పేమిటి? సాయంత్రం ఆరింటికి గిరి రోడ్డులో నడిచి చూడండి. దారికి అడ్డంగా బండి పెట్టినవాడు ఫోనుకొచ్చిన చలానా చూసుకుని నవ్వుకుంటాడు. బుద్ధిగా కట్టేవాళ్లం వెర్రివాళ్లమా? అప్పగించాలనే నా పక్షం.

కోర్టుపేట గుమాస్తా
రెంటికీ ముడిపెట్టకండి. ఆశీలు సంతలో చోటు వాడుకున్నందుకు ఇచ్చే రుసుము. జరిమానా శిక్ష. రాకపోకలకు అడ్డంగా బండి నిలిపితే మోటారు వాహనాల చట్టం 201వ సెక్షన్ కింద 500 రూపాయల వరకు వేస్తారు. సంత ఎంత నిండితే గుత్తేదారుకు అంత లాభం, ఊరికీ లాభమే. తప్పులు ఎంత పెరిగితే అంత లాభపడేవాడు ఊరికి ఎందుకు?
పైగా ప్రభుత్వ బకాయిల వసూలుకు ఒడిశాలో 1962 నుంచీ ప్రత్యేక చట్టమే ఉంది. ఆ చట్టం కింద వసూలు చూసే సర్టిఫికెట్ అధికారి నోటీసిస్తాడు, మనం అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు. గుమ్మం ముందు నిలబడ్డ ఏజెన్సీ కుర్రవాడికి ఏం రాసి ఇస్తాం?

బరంపురం బాటసారి
గుమాస్తా గారూ, చలానా రాసే పని ఇమ్మనలేదు. రాసేది అధికారే. రాసిన తరువాత రాబట్టే పని మాత్రమే. ఆ 1962 చట్టం ఉండి కూడా బకాయి బకాయిగానే ఉంది కదా!

బడాబజార్ చీరల కొట్టు
రాసేవాడు వేరు, రాబట్టేవాడు వేరు అన్న ఆ గీత కాగితం మీదే నిలుస్తుంది. సరుకు కోసం వెళ్లినప్పుడు ఒక పెద్ద నగరంలో నా బండిని లారీ మీదికెక్కించి తీసుకుపోయారు. పక్కన ఒక పోలీసు ఉన్నమాట నిజమే. ఏ బండి ఎత్తాలో చూపించింది మాత్రం కూలికొచ్చిన కుర్రవాళ్లు. నా పక్కనే అడ్డదిడ్డంగా నిలిపిన పెద్ద కారు జోలికి పోలేదు. ఎత్తడం కష్టం, ఆలోగా నాలుగు స్కూటర్లు ఎక్కించవచ్చు. బెంగళూరులో ఇలాంటి ఫిర్యాదులు ముదిరే 2022 ఫిబ్రవరిలో ప్రైవేటు టోయింగ్ ఆపేశారు.
ఇప్పుడు లెక్క చూద్దాం. నూటికి ఇరవై వాటా అనుకుందాం. 500 చలానాకు ఏజెన్సీకి దక్కేది వంద. ఆ వంద కోసం పర్లాకిమిడి అవతల కొండ మీది ఊరికి ఎవడు వెళతాడు? వెళ్లడు. రోజూ తొమ్మిదింటికి షట్టరు ఎత్తే నా దగ్గరికి వస్తాడు. పారిపోలేనివాడే వాడికి మంచి బాకీదారు. పలుకుబడి ఉన్నవాడి బకాయి ఎప్పటిలాగే దస్త్రంలో పడి ఉంటుంది.

జైపూర్ నుంచి లండన్
ఇక్కడ ఆ పద్ధతే నడుస్తోంది. పార్కింగ్ జరిమానా కట్టకుండా ఉంటే చివరికి ప్రైవేటు ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెంటు, అంటే బకాయి వసూలు చేసే మనిషి, చేతికి వెళుతుంది. 2014 నాటి నియమాల్లో కేసు వాళ్లకు అందగానే 75 పౌండ్లు, ఇంటికొస్తే మరో 235 పౌండ్లు రుసుము పెట్టారు. అదంతా బాకీదారు నెత్తినే. అసలు కన్నా కొసరు ఎక్కువ. అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి: ఎంత తీసుకోవాలో, బాకీ కింద జప్తు చేసేటప్పుడు ఏ సామాను ముట్టకూడదో చట్టంలోనే ఉంది. మన దగ్గర అది కూడా ఉండదేమోనని నా భయం.

కోర్టుపేట గుమాస్తా
ఉండదు. బ్యాంకుల రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో చెప్పింది. కార్పొరేషన్ పంపే మనిషి రిజర్వ్ బ్యాంకు మాట వినాలని ఎక్కడా లేదు. ఒప్పందంలో రాసుకుంటే సరి, లేకపోతే లేదు.
ఒప్పందం అంటే గుర్తొచ్చింది. అమెరికాలో షికాగో నగరం 2008లో 36,000 పార్కింగ్ మీటర్లను 75 ఏళ్లకు ప్రైవేటుకు రాసిచ్చింది. ఇప్పుడు ఊరేగింపు కోసం వీధి మూసినా ఆ కంపెనీకి నష్టం లెక్కగట్టాలి. మనకు రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణీ అమ్మవారి యాత్ర వస్తుంది. ఆలోచించుకోండి.

గాంధీనగర్ శారద
అన్నయ్యలూ, ఏజెన్సీ అనగానే లారీలు, కర్రలు ఎందుకు? నీటి బిల్లులు ఇప్పుడు మన వీధుల్లో వసూలు చేస్తున్నది జలసాథీలే కదా. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు, కమీషన్ మీదే పని. మీటరు తప్పు తిరిగితే మా అత్తగారు ఆవిడనే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మరీ దెబ్బలాడతారు. పై వారం ఆవిడే సరిచేయించి తెస్తుంది. ఇదీ బయటివారికి అప్పగించడమే.

బడాబజార్ చీరల కొట్టు
మంచి మాటే చెల్లెమ్మా. కానీ నీటి బిల్లు ఇంటిది, ఇల్లు కదలదు. బండి కదులుతుంది. పైగా జరిమానా కట్టమని అడిగే ఆడమనిషితో తాగి ఉన్నవాడు ఎలా మాట్లాడతాడో నాకు తెలుసు. ఆ పనికి మన ఇంటి ఆడవాళ్లను పంపుతామా?

ఇచ్ఛాపురం డ్రైవరు
మా సంగతి కూడా చూడండి. ఆంధ్ర నంబరు బండిలో నెలకు నాలుగుసార్లు మెడికల్ కాలేజీకి రోగుల్ని తెస్తాను. పాతిక కిలోమీటర్ల దూరం. రేపు ఏజెన్సీ ఒడియాలో కాగితం పంపితే చదివిపెట్టమని ఎవరి ఇంటికి వెళ్లాలి? చలానా బకాయి ఉంటే బండి అమ్ముకునే రోజున ఆర్‌సీ మార్పిడి దగ్గర ఎలాగూ ఆపుతున్నారు. అక్కడ అందరూ కడతారు, నాతో సహా. మధ్యలో ఇంకొకడికి వాటా దేనికి?

బరంపురం బాటసారి
డ్రైవరు గారి మాట దగ్గర కొంచెం మెత్తబడ్డాను. బండి అమ్మేదాకా పదేళ్లు ఆగాలా అన్న చిరాకు మాత్రం పోలేదు. శారద గారి పద్ధతిలో చెత్త జరిమానాల వరకు మొదలుపెట్టి, బండ్ల జోలికి పోకుండా ఉంటే నాకు సమ్మతమే.
ఈ గొడవలో నా బండి నంబరు కొట్టి చూశాను. రెండు చలాన్లున్నాయి. ఒకటి నాదే, ఇప్పుడే కట్టేశాను. రెండో చలానా పడ్డ రోజున బండి మా బావమరిది దగ్గర ఉంది. ఆయన దగ్గర ఐదువందలు రాబట్టే పనికి ఏజెన్సీ ఏదైనా ఉంటే చెప్పండి, సగం వాటా ఇస్తాను.