అప్‌డేట్: 5 అడుగుల 10 అంగుళాల ఎత్తుకు 71 కిలోలు ఎక్కువా?

నా ఎత్తు 178 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు. జిమ్‌లో 60కి దిగాలన్నారని, ఎప్పుడూ నీరసంగా ఉంటోందని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. డైట్ మొదలుపెట్టే ముందు నడుము కొలత, రక్త పరీక్షలు చూపించుకోమన్న సలహాయే పనిచేసింది.

డాక్టర్ గారు లెక్క వేసి చూపించారు. నా బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 22.4. మన భారతీయులకు 18.5 నుంచి 22.9 వరకు ఆరోగ్యకరం అంటారు కదా, నా ఎత్తుకు అది సుమారు 59 నుంచి 72 కిలోలు. అంటే 60 కిలోలు దాదాపు కింది అంచు! బరువును ఎత్తు వర్గంతో భాగించడం వల్ల పొడవైనవాళ్లకు బీఎంఐ కాస్త ఎక్కువగానే చూపిస్తుందట. అందుకే నడుము కూడా కొలవాలి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు మంచిది, నాది 77.

నీరసానికి అసలు కారణం రక్తహీనత. హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది, ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి. బరువు తగ్గాలని తిండి మానేసి ఉంటే ఇంకా పడిపోయేది, తలుచుకుంటేనే భయమేస్తోంది. దయచేసి నీరసం ఉన్నవాళ్లు ముందు ఈ పరీక్ష చేయించుకోండి.

థైరాయిడ్, షుగర్ నార్మల్. ఇక్కడి జవాబుల్లో మణికట్టు చుట్టుకొలతను బట్టి ఎముకల సైజు చూడమని కూడా అన్నారు, దానితో పని పడలేదు.

ఇప్పుడు ఐరన్ మాత్రలు వాడుతున్నాను, వాటితో పాటు టీ, కాఫీ తాగొద్దన్నారు. ఓపిక వచ్చింది. బరువు అదే 71.