వెలుతురు కూడా విద్యుదయస్కాంత తరంగమే అని మాక్స్‌వెల్‌కి చూడకుండానే ఎట్లా తెలిసింది?

బ్రాడీపేట_ట్యూషన్

అందరికీ నమస్కారం అండి. గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకి సాయంత్రం పూట ఫిజిక్స్ చెప్తుంటా, మేడ మీద రేకుల షెడ్డు, పదిహేను మంది పిల్లలు, అంతే మన సామ్రాజ్యం. నిన్న విద్యుదయస్కాంత తరంగాల చాప్టర్ మొదలెట్టా. ఈ చాప్టర్ అంటే ఎవరికీ లెక్క లేదు, స్పెక్ట్రమ్ వరస బట్టీ పట్టించి ముందుకెళ్ళిపోతాం, నేనూ అంతే. "మాక్స్‌వెల్ ఊహించాడు, హెర్ట్జ్ నిరూపించాడు" అని బోర్డు మీద రాసి తుడిచేయబోతుంటే వెనక బెంచీ పిల్లాడొకడు లేచి "సార్, ఊహించాడంటే ఎట్లా ఊహించాడు, ఆయన ఆ తరంగాన్ని చూళ్ళేదు, తయారు చెయ్యలేదు, మరి వెలుతురు కూడా ఇదే అని ఎట్లా చెప్పాడు" అన్నాడు. స్థానభ్రంశ ప్రవాహం (తీగ లేని చోట కూడా మారే విద్యుత్ క్షేత్రం కరెంటులా పనిచెయ్యటం), కెపాసిటర్ ప్లేట్ల మధ్య ఖాళీ అని ఏదో చెప్పా గానీ వాడికి ఎక్కలేదు, నిజం చెప్పాలంటే నాకూ ఎప్పుడూ ఎక్కలేదు.

ఇంకో డౌటు కూడా. మాక్స్‌వెల్ పేపరు 1865, హెర్ట్జ్ చేసింది 1888. మధ్యలో ఇరవై మూడేళ్ళు అందరూ ఏం చేస్తున్నట్టు? తెలిసినవాళ్ళు కొంచెం మామూలు భాషలో చెప్పండి, సోమవారం వాడికి సమాధానం చెప్పాలి.

మిర్చియార్డ్_బీఎస్సీ

మాస్టారూ, ముందు ఆ పిల్లాడికి నా తరఫున ఒక టీ ఇప్పించండి. ఊహ అనే మాటే తప్పండి అసలు. ఆయన చేతిలో ఒక అంకె ఉంది, దాన్ని బట్టి చెప్పాడు.

నేను యార్డులో కమీషన్ కొట్లో లెక్కలు రాస్తా కాబట్టి కాటా భాషలోనే చెప్తా. ఒకే టిక్కీని (మిర్చి బస్తాని) రెండు కాటాల మీద పెట్టామనుకోండి, ఒకటి కేజీల్లో చూపిస్తది, ఇంకోటి పాత మణుగుల్లో చూపిస్తది, ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే వచ్చేది ఉత్త అంకె. చార్జీకి కూడా ఆ రోజుల్లో ఇట్లా రెండు కాటాలుండేవి. కదలకుండా కూర్చున్న చార్జీలు ఒకదాన్నొకటి ఎంత నెట్టుకుంటాయో చూసి తూచేది ఒకటి, అదే చార్జీ తీగలో పారితే అయస్కాంత ముల్లుని ఎంత తిప్పుద్దో చూసి తూచేది రెండోది. తమాషా ఏంటంటే ఈ రెండిటినీ భాగిస్తే ఉత్త అంకె రాదు, సెకనుకి ఇన్ని మీటర్లు అని వేగం వస్తది. ఎందుకంటే అయస్కాంత బలం అనేదే చార్జీ కదిలితే పుట్టేది కదా. రెండు చార్జీల వరసలు పక్కపక్కన పెట్టండి, నిలబడి ఉంటే నెట్టుకుంటాయి, ఒకే దిక్కుకి పరిగెత్తితే రెండు కరెంటు తీగల్లాగా లాక్కోవటం కూడా మొదలవుద్ది, వేగం పెంచేకొద్దీ ఆ లాగుడు పెరుగుద్ది. ఏ వేగం దగ్గర లాగుడూ నెట్టుడూ సరికి సరి అవుతాయో అదే ఆ అంకె. ఇందులో దీపం లేదు, అద్దం లేదు, వెలుతురు అన్న మాటే లేదు, అది గుర్తు పెట్టుకోండి.

జర్మనీలో వెబర్, కోల్‌రౌష్ అని ఇద్దరు 1855లో ఈ అంకెని నిజంగా కొలిచారు. గాజు జాడీలో (మన లేడెన్ జార్) చార్జీ నింపి, అందులో కొంత రేకు చుట్టిన పెద్ద గోళానికిచ్చి అది ఎంత నెడుతుందో తూచి, మిగతాదంతా గాల్వనోమీటర్ (కరెంటు పారితే ముల్లు కదిలే సాధనం) గుండా ఒక్క దెబ్బన వదిలి ముల్లు ఎంత ఊగిందో చూశారు. జాడీ, గోళం, ముల్లు. అంతే సరంజామా.

ఇక మాక్స్‌వెల్. 1861 ఎండాకాలం స్కాట్లండ్‌లో సొంతూళ్ళో ఉన్నాడు. ఖాళీ జాగా నిండా తిరిగే గుండ్రటి అరలు, వాటి మధ్య ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా బాల్ బేరింగుల్లాంటి చిన్న గోళీలు, ఇట్లా ఒక యంత్రం కాగితం మీద కట్టుకున్నాడు. ఆ అరలు రబ్బరులాగా కొంచెం సాగుతాయి అనుకుంటే, సాగేదాంట్లో అల పోవాలి కదా, ఆ అల ఎంత వేగంతో పోద్దని లెక్క కడితే సూత్రం వచ్చింది, అందులో ఈ రెండు కాటాల అంకె కూర్చుని ఉంది. కానీ ఊళ్ళో పుస్తకాలు లేవు, వెబర్ కొలత ఎంతో ఆయనకి తెలీదు! లండన్ తిరిగొచ్చాక చూసుకుంటే సెకనుకి 193,088 మైళ్ళు. ఫిజో 1849లో పళ్ళ చక్రం తిప్పి గాల్లో కొలిచిన వెలుతురు వేగం 195,647 మైళ్ళు. నూటికి ఒకటిన్నర కూడా తేడా లేదు. జాడీలోంచి వచ్చిన అంకె, దీపంలోంచి వచ్చిన అంకె ఒకటే అయితే ఎవడికైనా ఒళ్ళు జలదరిస్తుంది. ఆ ఏడాది అక్టోబరులో ఫారడేకి ఉత్తరం రాశాడు ఈ సంగతి, మరుసటేడు అచ్చులో పెట్టాడు.

కొర్రీల_మనిషి

పైన చెప్పింది బాగుంది గానీ నా అలవాటు కొద్దీ కొన్ని కొర్రీలు.

ఒకటి, ఆ రెండు అంకెలూ తప్పేనండోయ్. అసలు వేగం సెకనుకి 299,792 కిలోమీటర్లు. ఫిజోది మూడు లక్షల పద్నాలుగు వేలు దాటింది, వెబర్‌ది మూడు లక్షల పది వేలు దాటింది, రెండూ ఒకే వైపు తప్పటం మన అదృష్టం. ఈ అంకెలో వెలుతురు వాసన పట్టింది కూడా మాక్స్‌వెల్ ఒక్కడే కాదు, 1857లోనే కిర్కాఫ్ మంచి తీగలో కరెంటు కెరటం వెలుతురు వేగంతో పోద్దని లెక్క తేల్చాడు, కానీ తీగ దాటి బయటికి రాలేదు. తీగ అవసరం లేదు, చుట్టూ ఉన్న జాగాయే మోస్తుంది అన్నది మాక్స్‌వెల్.

ఆ మాట కూడా ఫారడే దగ్గర్నుంచి వచ్చిందే. పుస్తకాలు బైండింగ్ చేసే కుర్రాడిగా మొదలై, లెక్కలు రాని మనిషి, 1845లో బరువైన గాజుముక్కని అయస్కాంతం మధ్య పెట్టి వెలుతురు ధ్రువణ తలం (అల ఏ తలంలో ఊగుతుందో అది) తిరగటం చూశాడు. వెలుతురికీ అయస్కాంతానికీ చుట్టరికం ఉందని చేత్తో చూపించిన మొదటి మనిషి ఆయనే. మరుసటేడు ఒక ఉపన్యాసంలో వెలుతురంటే బలరేఖల వణుకు కావచ్చు అని కూడా అనేశాడు, లెక్క లేకుండా. మన పాఠంలో ఫారడే ప్రేరణ (ఇండక్షన్, ఒక తీగలో కరెంటు మారితే పక్క తీగలో కరెంటు పుట్టటం) దగ్గర ఆగిపోతాడు, ఇది చెప్పరు.

రెండోది, 1865 పేపర్లో ఆ అరలూ గోళీలూ ఏవీ లేవు, పందిరి వేశాక గుంజలు పీకేసినట్టు తీసేశాడు. మీరు బోర్డు మీద రాసే నాలుగు సమీకరణాలు కూడా ఆయన రాసినవి కావు, అందులో ఇరవై ఉన్నాయి. వాటిని వెక్టార్లలో నాలుగుకి దించింది ఆలివర్ హెవిసైడ్, 1884-85 ప్రాంతంలో. కాలేజీ మొహం చూడలేదు, టెలిగ్రాఫ్ ఆపరేటర్, ఇరవై నాలుగేళ్ళకి ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని ఇదే పని. మన ఇళ్ళల్లో అయితే ఏమనేవాళ్ళో నేను చెప్పక్కర్లేదు.

ఇరవై మూడేళ్ళ సంగతి అంటారా, పాపం మాక్స్‌వెల్ ఈ తరంగాన్ని ఎట్లా పుట్టించాలో ఎక్కడా చెప్పలేదు, 1879లో నలభై ఎనిమిదేళ్ళకే పోయాడు. కెపాసిటర్‌ని గబుక్కున ఖాళీ చేస్తే వస్తుంది అని ఫిట్జెరాల్డ్ అన్నది 1883లో. పుట్టించినా పట్టుకునే సాధనం ఏదని మళ్ళీ సమస్య.

పాత_వాల్వు

నేను బెజవాడ గవర్నరుపేటలో ముప్పై ఏళ్ళు రేడియోలు బాగుచేశాను. లెక్కలు నాకు రావు, చేతిపని చెప్తాను.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 358.4 మీటర్లు అనగా 837 కిలోహెర్ట్జ్ అని రోజూ చెప్పేవాళ్ళు గుర్తుందా? మీటర్లు అల పొడవు, హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని అలలో (కిలో అంటే వెయ్యి), ఆ రెండూ గుణించి చూడండి మాస్టారూ. 29,99,80,800 వస్తుంది. సెకనుకి మీటర్లు. పొద్దున్నే దంతధావనం వేళకి వెలుతురు వేగం చెప్పి మరీ కార్యక్రమం మొదలెట్టేవాళ్ళన్నమాట, షాపులో ఒకసారి కాలక్షేపానికి కాలిక్యులేటర్ నొక్కితే నాకు తెలిసింది.

హెర్ట్జ్ చేసిందీ ఇదే గుణకారం, కాకపోతే మీటర్లు టేపు పట్టి కొలిచాడు. ఊరు కార్ల్స్‌రూయె, లెక్చర్ హాలు 15 మీటర్ల పొడవు. ఒక పక్కన నిప్పురవ్వ కొట్టే యంత్రం, ఎదుటి గోడకి నాలుగు మీటర్ల ఎత్తు జింకు రేకు. పైనుంచి వేలాడే గ్యాసు గొట్టాలు కూడా పీకించేశాడు, అవి అల్లరి చేస్తాయని. అల వెళ్ళి రేకుకి కొట్టుకుని వెనక్కొచ్చి ఎదురొచ్చే అలతో కలిస్తే స్థిర తరంగం, అంటే ముందుకి పోకుండా ఉన్న చోటే ఊగే అల, వీణ తీగ మీద లాగా. చేతిలో గుండ్రంగా వంచిన తీగ, దాని కొసల మధ్య వెంట్రుక మందం కూడా లేని సందు. గది చీకటి చేసి ఆ సందులో రవ్వ ఎక్కడ వెలుగుతుందో ఎక్కడ ఆరిపోతుందో చూసుకుంటూ నడిచాడు. ఆరిన చోటికీ ఆరిన చోటికీ మధ్య దూరం అంటే అలలో సగం. మొదటి అల తొమ్మిదిన్నర మీటర్ల పైనే, తర్వాత 66 సెంటీమీటర్లకి దించి, గట్టి తారు పోతపోసి మనిషి ఎత్తు పట్టకం చేయించి దాంట్లోంచి అలని వంచి చూపించాడు. తారులోంచి మామూలు వెలుతురు పోదు కదా, ఇది పోయి వంగింది. నాకు ఆయన పనిలో అన్నిటికన్నా నచ్చింది అదే.

మీ పిల్లలకి చూపించాలంటే పాత మీడియం వేవ్ రేడియో తీసుకుని స్టేషన్ లేని చోట ముల్లు పెట్టి, వంటింటి గ్యాస్ లైటర్ టక్కుమనిపించండి. రేడియోలో టప్పుమంటుంది. ఆ లైటర్లో ఉన్నది కూడా నిప్పురవ్వే.

లబ్బీపేట_పిల్ల

జగదీశ్ చంద్ర బోస్‌ని అందరూ మర్చిపోయారేంటి? హెర్ట్జ్ గదంతా కావాల్సిన పనిని 1895కల్లా కలకత్తాలో బల్ల మీదకి తెచ్చాడు, అల పొడవు మిల్లీమీటర్లలో. ధ్రువణం చూపించటానికి రైల్వే టైంటేబుల్ పుస్తకం పేజీల మధ్య రేకు కాగితం పెట్టి వాడాడు, మెలేసిన జనపనార కట్టలతో ధ్రువణ తలాన్ని తిప్పాడు. ఆ పనికి అవే సరిపోయాయి. బోస్ లేకుండా ఈ చాప్టర్ చెప్తే నేనొప్పుకోను.

బ్రాడీపేట_ట్యూషన్

అందరికీ చాలా థాంక్స్ అండి. ఇవాళ చేశా. అమ్మ రేడియో దులిపి, సెల్స్ వేసి, వంటింట్లోంచి లైటర్ పట్టుకొచ్చి ఆ చివర్నుంచి టక్‌మనిపిస్తే రేడియో టప్‌మంది, పిల్లలు ఒక్క అరుపు. 837 గుణకారం కూడా చేయించా, దానికి ఇంకో అరుపు. అంతా అయ్యాక మన వెనక బెంచీ వాడే మళ్ళీ లేచి "సార్, ఇది తరంగం అని ఏంటి గ్యారంటీ, ట్రాన్స్‌ఫార్మర్‌లో లాగా ఇండక్షన్ కావచ్చుగా" అన్నాడు. నాకు నోట మాట రాలా.

కొర్రీల_మనిషి

హహ్హ, వాడు మా పార్టీ. మాస్టారూ, పెద్దలు ఇదే మాట అన్నందుకు పాపం ఒకాయన కనిపెట్టింది మూలన పడింది. డేవిడ్ హ్యూస్ అని, 1879లోనే, అంటే హెర్ట్జ్ కన్నా ముందే, రవ్వ కొట్టి దూరాన మైక్రోఫోన్ లాంటి దాంతో చప్పుడు విన్నాడు, లండన్ వీధిలో చెవికి పెట్టుకుని నడుచుకుంటూ మరీ. రాయల్ సొసైటీ పెద్దలు వచ్చి చూసి ఇది ఉత్త ప్రేరణ అని తేల్చేశారు, ఆయన ఉసూరుమని అచ్చు కూడా వేయించలేదు.

మీ షెడ్డులో అయితే మీవాడిదే రైటు. 358 మీటర్ల అల పట్టే రేడియో అది, అలలో ఆరో వంతు, అంటే అరవై మీటర్ల లోపల దగ్గరి ప్రేరణదే పెత్తనం. మీ షెడ్డు ఆరేడు మీటర్లుంటుందేమో. అందుకే హెర్ట్జ్ రవ్వ వచ్చింది అని ఊరుకోలేదు, ఆరిపోయే చోట్లు వెతికాడు, ప్రేరణ అయితే దూరం వెళ్ళేకొద్దీ తగ్గిపోవటమే గానీ మధ్యలో ఆరి మళ్ళీ వెలగదు. ఆయనకీ ఆ గది సరిపోలేదు, గాల్లో ఒక వేగం తీగలో ఇంకో వేగం వచ్చి తల పట్టుకున్నాడు, 1893లో జెనీవాలో ఇద్దరు ఇంకా పెద్ద హాలులో చేసి రెండూ ఒకటే అని తేల్చారు.

పాత_వాల్వు

మాస్టారూ, లైటర్ పక్కన పెట్టండి. ముల్లు 837 మీద పెట్టి రేడియోని పడుకోబెట్టినట్టు మెల్లగా గుండ్రంగా తిప్పండి. లోపల అలని పట్టే నల్లటి ఫెర్రైట్ రాడ్ ఉంటుంది, దాని కొస స్టేషన్ వైపు తిరిగినప్పుడు గొంతు పడిపోతుంది. గుంటూరుకీ మాకూ ముప్పై కిలోమీటర్లు, అక్కడికి వచ్చింది ప్రేరణ అని మీవాడు కూడా అనలేడు.

బ్రాడీపేట_ట్యూషన్

చేశాం అండి. గొంతు పడిపోయిన చోట ఆపి, రాడ్ వెంబడి నేల మీద సుద్దముక్కతో గీత గీయించా, ఫోన్లో కంపాస్ పెడితే ఈశాన్యం, బెజవాడ వైపే. ఇండక్షన్ మాట వాడు వెనక్కి తీసుకున్నాడు. ఆ గీతకి రెండో కొస నైరుతి వైపు ఉంది కదా సార్, స్టేషన్ అటు లేదని రేడియోకి ఎట్లా తెలుసు అని అడుగుతున్నాడిప్పుడు.