ఈ వారం సమస్య: గొడ్డురాలె తల్లి గొప్ప కవికి

నిర్వాహకుడు: ఆటవెలదే, నాలుగో పాదం ఇచ్చేశాను. షరతు ఒకటే, ఈసారి కథ స్పెయిన్‌ది, నటి మార్గరీత షిర్గు, కవి లోర్కా. రామాయణంలోకి దూరిపోకండి.

అక్షరాల అత్త: ఆ మొదటి మాట పెట్టడం అవసరమా బాబూ, ఎంతమంది ఆడవాళ్ళు ఏడ్చారో ఆ మాట పడి.

నిర్వాహకుడు: నిజమే అత్తా, కానీ లోర్కా నాటకం పేరే అది. స్పానిష్‌లో యెర్మో అంటే బీడు, దాన్నే ఆడమనిషి పేరు చేసి యెర్మ అన్నాడు, 1934 డిసెంబర్‌లో మాడ్రిడ్‌లో షిర్గు ఆ వేషం కట్టింది.

బెజవాడ బుల్లోడు: గొడ్డు, రాలె అని విరిచేస్తే సరి, కవిగారి ఆవు పోయింది పాపం 😀

గురులఘువు: నా పూరణ.

యెర్మ వేషమందు నెల్లరన్ గదిలించి
మాడ్రిడందు నాడె మార్గరీత
కవిని చంపినాక కనె నాటకమ్ముగా
గొడ్డురాలె తల్లి గొప్ప కవికి

నిర్వాహకుడు: యతులన్నీ పడ్డాయి. "చంపినాక" వాడుక రూపం, "చంపినంత" అంటే గణం చెడదు. 1936 ఆగస్టులో స్పెయిన్‌లోని గ్రనడా దగ్గర లోర్కాని కాల్చేసేటప్పటికి షిర్గు ట్రూప్‌తో అమెరికా ఖండంలో ఉంది, మళ్ళీ స్పెయిన్ మొహం చూడలేదు, 1969లో ఉరుగ్వే రాజధాని మోంటెవిడియోలోనే పోయింది.

బెజవాడ బుల్లోడు: సరే సీరియస్‌గా.

బ్యూనసైరిసందు బెర్నార్డ యిల్లును
తొమ్మిదేళ్ళ పిదప తొలుత తెరచె
ఊరు వదలి కూడ నుసురు నిల్పినదయ్య
గొడ్డురాలె తల్లి గొప్ప కవికి

గురులఘువు: మొదటి పాదంలో యతి పోయింది తమ్ముడూ, బ్యూకి బె ఎలా కుదురుతుంది? "బ్యూనసైరిసందు తానె యా గృహమును" అను, రెండో అక్షరాలు కలిసే ప్రాసయతితో గట్టెక్కుతావు. అసలు చిక్కు అది కాదు, ఇందులో గొడ్డురాలు ఎవరు? లోర్కా నాటకం "బెర్నార్డ ఆల్బా ఇల్లు"లో ఆ బెర్నార్డకి ఐదుగురు కూతుళ్ళు! 1945లో బ్యూనస్ ఎయిర్స్‌లో ఆ నాటకం మొదటిసారి వేయించింది షిర్గునే, ఆ సంగతి బాగా పట్టావు, కానీ సమస్యని ముట్టుకోకుండా పక్కనించి వెళ్ళిపోయావు.

బెజవాడ బుల్లోడు: ఒప్పుకున్నా మాస్టారూ. అయినా నాలుగు నాటకాలు ఆడినంత మాత్రాన తల్లి అనేయడం ఎక్కువ కాదా?

గురులఘువు: కాదంటాను. 1920లో లోర్కా మొదటి నాటకం మాడ్రిడ్‌లో తుస్సుమంది. ఆ తర్వాత మరియానా పినేదా రాస్తే 1927లో బార్సిలోనాలో ఎక్కించింది షిర్గునే, సీనరీ గీసింది చిత్రకారుడు దాలీ. ఆవిడ అప్పటికే పెద్ద స్టార్, కుర్రకవిని నెత్తిన పెట్టుకోవాల్సిన పని లేదు కదా.

అక్షరాల అత్త: అయితే నాదీ వేసుకోండి, మాట మీద కోపం పోలేదు గానీ యెర్మ చివరి సీన్ చదివాక ఊరుకోలేకపోయాను. మొగుడి గొంతు నులిమేసి, నా కొడుకుని నేనే చంపుకున్నా అని అరుస్తుంది చూడండి, అక్కడ.

మగని గొంతు నులిమి మాతృత్వమును చంపి
బిడ్డ నడుగు పాత్ర పేరు యెర్మ
దాని నాడి షిర్గు తానె నిల్పె కృతిని
గొడ్డురాలె తల్లి గొప్ప కవికి

గురులఘువు: అత్తా, దా-తా యతి, బి-పే యతి, రెండూ శుభ్రం. కాకపోతే చంపాక బిడ్డని అడగదు కదా, ఒకటో పాదం రెండో పాదం తిరగబడ్డాయి.

అక్షరాల అత్త: తిప్పితే గణాలు ఎవరు సర్దుతారు, నువ్వే సర్దు.

నిర్వాహకుడు: తిప్పక్కర్లేదు, ఈ వారానికి అత్తదే. బుల్లోడూ, నీ ఆవు పద్యం ఉంటే అది కూడా పెట్టు.